పోయినవాళ్ళ బతుకును ఇంటి పుస్తకంగా రాసుకోవడం ఎలా?

ఇంట్లో పెద్దవాళ్ళు పోయాక వాళ్ళ గురించి రాసి పెట్టుకుందామనుకునేవాళ్ళు ముందు బీరువా తెరిచి కాగితాలు వెతుకుతారు. నేనూ అదే చేశాను. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, పోయాక మూడు నెలలు ఒక సర్టిఫికెట్ కోసం, ఒక దస్తావేజు నకలు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాను. అవి చివరికి దొరికాయి. ఈలోపు కందుకూరు పక్క పల్లెలో ఉన్న మా చిన్నవ్వకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆమె అవ్వకు తోడబుట్టిన చెల్లెలు. అవ్వ పదేళ్ళ పిల్లప్పుడు ఎట్లా ఉండేదో చెప్పగల మనిషి ఆమె ఒక్కతే మిగిలి ఉండింది. దస్తావేజు ఆ ఆఫీసులో ఇంకో పదేళ్ళయినా అట్లాగే ఉండేది. చిన్నవ్వ మాట ఉండలేదు.

అందుకే ఇక్కడ చెప్పే వరస వేరు. ముందు మనుషులు, తర్వాత ఫొటోలు, ఆ తర్వాతే కాగితాలు. రాత అన్నిటికన్నా చివర.

మొదటి పని: ఎవరెవరిని అడగాలో రాసుకోండి

పెద్దకర్మ అయ్యేలోపే ఒక నోటుబుక్కు తీసి పేర్లు రాయండి. చుట్టాలంతా ఒకచోట చేరేది అప్పుడే. దుఃఖంలో ఉన్నవాళ్ళను ఆరోజే కూర్చోబెట్టి ప్రశ్నలు వేయొద్దు. ఎవరు ఏ ఊళ్ళో ఉంటున్నారు, ఫోన్ నెంబరేంటి, ఎప్పుడు రమ్మంటారు అని అడిగితే చాలు. మన ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఒక ఇంటి మనుషులు చెన్నైలో కొందరు, బెంగళూరులో కొందరు, హైదరాబాదులో, కువైట్‌లో కొందరు ఉంటారు. ఆ రోజు దాటితే మళ్ళీ అందరూ కలిసేది సంవత్సరీకానికే.

జాబితాలో వరస వయసును బట్టి, ఆరోగ్యాన్ని బట్టి ఉండాలి. దగ్గరితనాన్ని బట్టి కాదు. ఎనభై దాటినవాళ్ళు, మంచాన పడ్డవాళ్ళు ముందు. మీకు బాగా చనువున్న మేనత్త వచ్చే నెలలో కూడా మాట్లాడుతుంది.

చుట్టాలు కానివాళ్ళను కూడా రాయండి. పక్కింటామె, పొలంలో కలిసి పనిచేసినవాళ్ళు, ఇంట్లో కాన్పులు చేసిన మంత్రసాని బతికి ఉంటే ఆమె, చీటీల ఆమె, పాల కేంద్రంలో పాలు పోయించుకున్నాయన. ఇంట్లోవాళ్ళకు తెలియని మనిషి వీళ్ళకు తెలుసు. మా అవ్వ పాటలు పాడేదని మాకెవ్వరికీ తెలియదు. కలుపు తీసేటప్పుడు ఆమె అందుకుంటే మిగతావాళ్ళు వంత పాడేవాళ్ళని ఆమెతో కూలికి వెళ్ళిన ముసలామె చెప్పింది.

అడగడం

ఒకసారి ఒక్కరితోనే మాట్లాడండి. ఈ నియమం తప్పి నేనొక మంచి అవకాశం పోగొట్టుకున్నాను. పెద్దత్తను ఆమె కొడుకులూ కోడళ్ళూ ఉండగా కూర్చోబెట్టి రికార్డు పెట్టాను. ఆమె కరువు రోజుల గురించి ఎత్తుకోగానే ఒక కొడుకు "అప్పుడు కాదమ్మా, ఆ తర్వాత" అని సరిదిద్దాడు. ఇంకొకడు "అవన్నీ ఇప్పుడెందుకు" అన్నాడు. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని, "నాకేం గుర్తుంటాయబ్బయా" అని ఆపేసింది. రెండు నెలల తర్వాత ఒంటరిగా వెళ్ళి, వంటింట్లో ఆమె చిక్కుడుకాయలు తుంచుతుంటే పక్కన కూర్చుని నేనూ తుంచాను. గంటన్నర మాట్లాడింది. చేతికి పని ఉంటే మాట తేలిగ్గా వస్తుంది.

ఫోన్‌లో రికార్డు చేసేముందు అడిగి ఒప్పించుకోండి. ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, లేకపోతే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగ్ తెగిపోతుంది. ఫ్యాను ఆపండి. ఫోన్‌ను మడతపెట్టిన తువ్వాలు మీద ఇద్దరికీ మధ్యలో ఉంచండి. మొదట్లోనే తేదీ, ఊరు, ఎవరితో మాట్లాడుతున్నారో మీ నోటితో చెప్పండి. ఇరవై ఏళ్ళ తర్వాత వినేవాళ్ళకు అది ఎవరి గొంతో తెలియాలి కదా. ఆ సాయంత్రమే ఇంకో రెండు చోట్లకు కాపీ చేయండి.

"అవ్వ గురించి చెప్పు" అంటే ఎవరైనా "మంచిది నాయనా, దేవత" అంటారు. అక్కడితో ఆగిపోతారు. చిన్న ప్రశ్న వేయండి:

- తెల్లారి లేవగానే మొదట ఏం పని చేసేది?
- పెళ్ళయి వచ్చినప్పుడు ఈ ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఆమెకు ఎక్కడ పడక?
- చేతిలో డబ్బులు ఎక్కడ దాచుకునేది?
- ఎవరితో మాట్లాడేది కాదు?
- జ్వరం వస్తే ఏం తినేది?

వీటికి వచ్చే జవాబుల్లోంచి ఇంకో వంద ప్రశ్నలు పుడతాయి.

అన్నిటికన్నా ఎక్కువగా పని గురించి అడగండి. మన రెండు జిల్లాల్లో మనుషుల బతుకును నడిపింది వాళ్ళు చేసిన పనే. పెన్నా కింద అయితే నాట్లు, కోతలు, మొలగొలుకుల వడ్లు. కందుకూరు, టంగుటూరు, ఒంగోలు వైపు పొగాకు. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనులు. మార్కాపురంలో పలకల పని. వెంకటగిరిలో మగ్గం. బిట్రగుంటలో రైల్వే లోకోషెడ్డు. తీరంలో వేట, బకింగ్‌హాం కాలువ మీద పడవలు. మీ ఇంట్లోవాళ్ళు చేసిన పని ఏదైతే అది మొదటినుంచి చివరిదాకా ఎట్లా చేస్తారో చెప్పించుకోండి.

మా అవ్వ పొగాకు బ్యారన్ (పచ్చాకును వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గర పచ్చాకు కర్రలకు కట్టేది. ఆకు జిగురు చేతులకు నల్లగా పట్టుకునేదనీ, ఎంత రుద్దినా పోయేది కాదనీ, ఆ సీజనంతా అన్నం ముద్ద చేదుగా ఉండేదనీ చిన్నత్త చెప్పింది. అందుకే పిల్లలకు ఆమె కలిపి పెట్టేది కాదట, స్పూనుతో పెట్టేదట. మా నాయన డెబ్భై ఏళ్ళ వయసులో ఈ మాట మొదటిసారి విన్నాడు. అమ్మ తనకు చేత్తో ముద్ద పెట్టలేదనే చిన్న బాధ ఆయనకు అప్పటిదాకా ఉండిందట. విన్నాక చాలాసేపు బయట అరుగు మీద కూర్చున్నాడు.

విన్నది విన్నట్టు రాసుకోండి. "యాడికి పోయినావు" అంటే "ఎక్కడికి వెళ్ళావు" అని దిద్దకండి.

ఏ సంవత్సరమో తేల్చుకోవడం

పెద్దవాళ్ళు సంవత్సరాలు అంకెల్లో చెప్పరు. "తుఫాను వచ్చిన ఏడు", "నేను నీళ్ళాడిన ఏడు" అని చెబుతారు. ఆ గుర్తులనే పట్టుకోవాలి. తేదీలు తెలిసిన సంఘటనలు ఒక అట్టముక్క మీద రాసి దగ్గర పెట్టుకోండి. పొట్టి శ్రీరాములు గారు పోయింది 1952 డిసెంబర్ 15. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబర్ 1. నయా పైసలు 1957 ఏప్రిల్‌లో వచ్చాయి. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్. రామారావు ముఖ్యమంత్రి అయింది 1983 జనవరి. కావలి దగ్గర తీరం దాటిన పెద్ద తుఫాను 1989 నవంబర్. దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడింది 1992లో.

ఆడవాళ్ళను అడిగేటప్పుడు బాగా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. "ఆ తుఫాను నాటికి నీ చంకలో ఎవరున్నారు, కడుపులో ఎవరున్నారు?" దీనికి జవాబు తప్పు పోదు. పిల్లల వయసు తెలిస్తే సంవత్సరం దానంతటదే వస్తుంది.

తెలుగు సంవత్సరం పేరు చెబితే ఇంకా మంచిది. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. 2010 ఉగాదితో మొదలైంది వికృతి, అంతకు ముందు వికృతి 1950లో మొదలైంది. ఒక జాగ్రత్త: ఉగాది నుంచి ఉగాది దాకా లెక్క. "వికృతి మాఘమాసం" అంటే 1950 కాదు, 1951 మొదటి నెలలు. మా అవ్వ పెళ్ళి ఏడాది మేము రెండేళ్ళుగా తప్పు చెప్పుకుంటూ వచ్చింది ఇక్కడే.

బడి రికార్డులో పుట్టినరోజు జులై 1 అని ఉంటే వెంటనే నమ్మకండి. పిల్లవాణ్ణి బళ్ళో వేసేటప్పుడు వయసు సరిపోయేలా అయ్యవారు వేసిన తేదీ చాలాసార్లు అదే. "బడి ప్రకారం" అని పక్కన రాసి, ఇంట్లోవాళ్ళు చెప్పింది కూడా రాయండి.

ఫొటోలు

ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన పాత ఫొటోను పీకొద్దు, అద్దంతో సహా ఫొటో తీయండి. పగటి వెలుతురులో, నీడ పడకుండా, ఫ్లాష్ లేకుండా. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపించుకోండి. ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉంటే అది కూడా తీయండి. ఆ స్టూడియో ఏ ఊళ్ళో ఉందో తెలిస్తే ఆ రోజు వాళ్ళు ఎక్కడికి వెళ్ళారో తెలుస్తుంది. గ్రూపు ఫొటోలో ఎడమనుంచి ఎవరెవరో ఇప్పుడే రాయండి. వెనక రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా. బాల్ పెన్ను గీత ముందు వైపుకు తేలుతుంది.

కాగితాలు

ఇప్పుడు బీరువా తెరవండి. పాత కాగితాలకు లామినేషన్ చేయించకండి, సెల్లోటేపు వేయకండి. రెండూ కొన్నేళ్ళలో కాగితాన్ని తినేస్తాయి.

ఆస్తి దస్తావేజును మనం ఆస్తి కోసమే చదువుతాం. మనిషి కోసం చదవండి. అందులో తండ్రి పేరు, వయసు, వృత్తి, ఊరు ఉంటాయి. సాక్షులుగా సంతకం పెట్టినవాళ్ళు ఆ కాలానికి ఇంటికి నమ్మకస్తులు. చెక్కుబందీలో తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం ఎవరి భూమో రాసి ఉంటుంది, అంటే అప్పటి ఇరుగుపొరుగు ఎవరో తెలిసిపోతుంది. అమ్మిన తేదీని ఇంట్లో జరిగినవాటితో కలిపి చూడండి. మా రెండెకరాల మెరక అమ్మింది పెద్దత్త పెళ్ళికి నెల ముందు. ఎవరూ చెప్పలేదు, కాగితమే చెప్పింది. అవ్వ వేలిముద్ర కూడా దాని మీదే ఉంది. ఆ ముద్రను మా పుస్తకం మొదటి పేజీలో వేశాం.

దస్తావేజు ఇంట్లో లేకపోతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీసుకుని, దాన్నిబట్టి నకలుకు పెట్టుకోవచ్చు. 1983 తర్వాత రిజిస్టరైనవి ఆన్‌లైన్‌లో చూడొచ్చు, అంతకు ముందువాటికి ఆఫీసుకే వెళ్ళాలి. ఇక్కడ మన ప్రాంతానికి ఒక చిక్కుంది. ఊరు కదలదు, జిల్లా కదులుతుంది. మా కందుకూరు వైపు పల్లె కాగితాల్లో 1970 దాకా నెల్లూరు జిల్లా. ఆ ఏడాది ఫిబ్రవరి 2న కొత్త జిల్లా ఏర్పడి ఒంగోలు జిల్లా అయింది, 1972లో దానికి ప్రకాశం గారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న కందుకూరును మళ్ళీ నెల్లూరులో కలిపారు. కనిగిరి, పొదిలి, దర్శి కూడా 1970కి ముందు నెల్లూరే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి, ఒంగోలు, అద్దంకి గుంటూరు నుంచి వచ్చాయి. మండలాలు వచ్చింది 1985లో. అంతకు ముందు తాలూకా, దానిలో భాగంగా ఫిర్కా. పాత రికార్డు అడిగేటప్పుడు ఆ కాలం నాటి జిల్లా, తాలూకా పేరుతో అడిగితే గుమస్తాకు కూడా వెతకడం తేలిక.

కొలతలు ఇప్పటి లెక్కల్లోకి మార్చేటప్పుడు కంగారు పడొద్దు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోల వడ్లు, వేరే చోట పుట్టి వేరు. ఇళ్ళ స్థలాలు కొలిచే అంకణాల లెక్క కూడా ఊరూరికీ తేడా. మీ ఊళ్ళో అంకణం అంటే ఎన్ని అడుగులో పాత మేస్త్రీని అడగండి.

క్రైస్తవ కుటుంబాలకు చర్చి రిజిస్టర్లు పెద్ద ఆధారం. ఈ ప్రాంతంలో బాప్టిస్టు మిషన్ 1840 నుంచి ఉంది. ధాత కరువు తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ ముత్తాత ముత్తాత ఆ రోజు ఆ ఒడ్డున ఉండి ఉండొచ్చు, సంఘం పెద్దలను అడగండి. ముస్లిం కుటుంబాల్లో నికానామా చూడండి. మెహర్ ఎంతో, సాక్షులెవరో అందులో ఉంటాయి. ఉద్యోగం చేసినవాళ్ళకైతే సర్వీసు రిజిస్టరు, పెన్షన్ కాగితాలు. మరణ ధ్రువపత్రం ఎటూ తీసుకునే ఉంటారు.

వంశవృక్షం, అందులో ఆడవాళ్ళు

తద్దినం పెట్టే ఇళ్ళలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు మంత్రంలోనే వస్తాయి. అమ్మ, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లూ వస్తాయి. పెద్ద కొడుకును గానీ పురోహితుణ్ణి గానీ అడిగితే మూడు తరాలు వెంటనే దొరుకుతాయి. వంశావళి చెప్పే వంశరాజులు మీ ఇళ్ళకు ఇంకా వస్తుంటే వాళ్ళను కూర్చోబెట్టి రికార్డు చేయండి. అది వాళ్ళ విద్య, తగిన సంభావన ఇచ్చి చేయించుకోండి.

అయినా ఈ పద్ధతుల్లో కోడళ్ళు మాత్రమే కనిపిస్తారు, కూతుళ్ళు మాయమైపోతారు. మేము మొదట గీసిన చెట్టులో మా ముత్తాతకు ముగ్గురు కొడుకులు. నలుగురు కూతుళ్ళు కూడా ఉన్నారని తర్వాత తెలిసింది. ప్రతి ఆడమనిషికీ పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు, అత్తింటికి వచ్చాక పేరు మార్చి ఉంటే అసలు పేరు, ఈ మూడూ రాయకుండా ముందుకు పోవద్దు. మా అవ్వకు పుట్టింట్లో వేరే పేరుండేది. అత్తగారిదీ అదే పేరు కావడంతో ఇక్కడ మార్చారు. డెబ్భై ఏళ్ళు ఆమెను ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, చిన్నవ్వ తప్ప.

పసితనంలో పోయిన పిల్లలను కూడా రాయండి. పేరు పెట్టకముందే పోతే "మగబిడ్డ, పదకొండు రోజులు" అని రాయండి. దత్తత, ఇల్లరికం ఏదైనా ఉంటే చెప్పండి.

మన ఇళ్ళలో మేనరికాలు ఎక్కువ. అక్క కూతుర్ని చేసుకున్న మేనమామ చెట్టులో రెండు చోట్ల వస్తాడు. ఫోన్ యాప్‌లలో ఇది గజిబిజి అవుతుంది. పెద్ద చార్టు మీద పెన్సిల్‌తో గీయడమే మేలు. తాతల పేర్లు మనవళ్ళకు పెట్టడం వల్ల ఒకే పేరున్నవాళ్ళు నలుగురైదుగురు తేలతారు, పక్కన ఊరో పుట్టిన ఏడాదో తప్పకుండా రాయండి.

రాయకూడనివి, రాయాల్సినవి

రెండో పెళ్ళి, భాగాల గొడవ, బావిలో పడి పోయిన మనిషి, ఇల్లొదిలి వెళ్ళినవాడు. ప్రతి ఇంట్లో ఏదో ఒకటి ఉంటుంది. నా పద్ధతి ఇది. బతికున్నవాళ్ళకు నొప్పి కలిగించేదైతే వాళ్ళను అడగకుండా అచ్చులో పెట్టను. కానీ అబద్ధం రాయను. ఆ మాట వదిలేస్తాను, లేదా విడిగా రాసి కవరులో పెట్టి ఇంటి పెద్దకు ఇస్తాను. లేని మనిషిని లేనట్టు చూపించడం మాత్రం చేయొద్దు. మొదటి భార్య ఉంటే ఆమె పేరు ఉండాల్సిందే. ఆధార్, బ్యాంకు నెంబర్లు, బతికున్నవాళ్ళ ఫోన్ నెంబర్లు పుస్తకంలో వేయొద్దు.

ఇక రాయడం

"అవ్వ కష్టజీవి, అందరినీ ప్రేమగా చూసేది" అని రాస్తే అది ఏ ఇంటి అవ్వకైనా సరిపోతుంది. "తెల్లవారుజామున బర్రె పాలు పిండి, కేంద్రంలో పోసి, ఆ తర్వాత బ్యారన్‌కు నడిచి పోయేది. చీటీ డబ్బులు జొన్నల కుండలో దాచేది" అని రాస్తే అది మా అవ్వ ఒక్కతే. పొగడ్త మాట వచ్చిన ప్రతిచోటా ఆగి, ఆ మాట ఎందుకు రాయాలనిపించిందో ఆ సంగతి రాయండి. పొగడ్త కొట్టేయండి.

పుట్టుకతోనే మొదలుపెట్టాలని లేదు. మీకు అన్నిటికన్నా స్పష్టంగా తెలిసిన ఒక రోజుతో మొదలుపెట్టండి. మేము తుఫాను రాత్రితో మొదలుపెట్టాం. ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, ఎవరు చెప్పారో కూడా రాయండి. రాయడానికి టెన్షన్ పడేవాళ్ళు ఫోన్‌లో వాయిస్ టైపింగ్ పెట్టి నోటితో చెప్పండి. తర్వాత దిద్దుకోవచ్చు.

అచ్చు, ఆ తర్వాత

యాభై, అరవై పేజీలు చాలు. డిజిటల్ ప్రింటింగ్‌లో ముప్పై నలభై కాపీలు కూడా వేస్తారు. డీటీపీ వాళ్ళు చాలామంది మీరు మామూలుగా టైపు చేసిన యూనికోడ్ తెలుగును తాము వాడే అను ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పులో వత్తులు చెదిరిపోతాయి, అందుకే ప్రూఫు మీరే అక్షరం అక్షరం చూసుకోండి. మీ యూనికోడ్ ఫైలును విడిగా దాచుకోండి. చివర నాలుగైదు ఖాళీ పేజీలు వేయించండి.

సంవత్సరీకం రోజు భోజనాలయ్యాక పైకి చదివి వినిపించండి. పుస్తకాన్ని చేతికిస్తే తర్వాత చదువుదామని సంచిలో పెట్టుకుంటారు, వింటే అక్కడికక్కడే సరిదిద్దుతారు. చేతిలో పెన్సిల్ ఉంచుకోండి. మేము చదివిన రోజు పదిహేడు తప్పులు తేలాయి. చివరిది మా చిన్నత్త చెప్పింది. "అన్నీ రాశావు గానీ, ఆ బర్రె పేరు రాయలేదే. దాన్ని అమ్మ గంగ అని పిలిచేది." మా కాపీలో పాల కేంద్రం సంగతి ఉన్న పేజీ పక్కన ఆ పేరు పెన్సిల్‌తో రాసి ఉంది.